కిలోమీటరుకి జానెడు పల్లం

రాజమండ్రి సముద్రమట్టానికి 14 మీటర్ల ఎత్తున ఉంది. అక్కణ్ణించి గోదారి ఏ పాయ పట్టుకుని దిగినా సముద్రం 60, 70 కిలోమీటర్లు. లెక్క కడితే కిలోమీటరుకి జానెడు పల్లం. ఆ జానెడుని నమ్ముకునే కాటన్ దొర 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తి చేయించాడు. మోటార్లు లేకుండా కాలువ నీళ్ళు శివారు చేల దాకా పారుతున్నది ఆ వాలు మీదే. నీటికి తెలిసేంత వాలు, కాళ్ళకి తెలియనంత వాలు. సైకిల్ తొక్కేవాడికి ఇంతకన్నా మంచి నేల ఎక్కడ దొరుకుతుంది?

అయినా అమలాపురంలోనో భీమవరంలోనో సైకిల్ షాపు ముందు నిలబడి చూడండి. ముందు వరసలో ఉండేవి కొండలెక్కడానికి పుట్టిన సైకిళ్ళు. 21 గేర్లు, బుడిపెల టైర్లు, ముందు షాకబ్జర్లు, డిస్కు బ్రేకులు. మడ్‌గార్డు ఉండదు, గొలుసు కవరు ఉండదు, స్టాండు, క్యారేజీ విడిగా కొనుక్కోవాలి. పెట్రోలు ధర చూసి విసుగెత్తిన గుమస్తా ఒకటి కొంటాడు. సంక్రాంతికి కొన్నది ఏరువాక నాటికి వరండాలో గోడకి చేరబడుతుంది. అడిగితే, "డ్యూటీకి సైకిలు మన వల్ల అవదండి, మోకాళ్ళు పోతున్నాయి" అంటాడు.

మోకాళ్ళు పోవడం నిజమే. కానీ దానికి కారణం సైకిల్ తొక్కడం కాదు. సీటు రెండంగుళాలు కిందకి ఉండటం, టైర్లో గాలి సగమే ఉండటం, ఈ నేలకి అక్కర్లేని బండి కొనడం. ఇంటి నుంచి పనికి 10 కిలోమీటర్ల లోపు ఉన్నవాళ్ళకి ఈ డెల్టాలో సైకిల్ సరిపోతుందన్నది నా వాదన. పాలకొల్లు నుంచి నరసాపురం, భీమవరం నుంచి ఉండి, అంబాజీపేట నుంచి అమలాపురం, ఇవన్నీ ఆ దూరానికి కాస్త అటూ ఇటూ. గంటకి 13, 14 కిలోమీటర్ల నెమ్మదైన తొక్కుడుకి ముప్పావు గంట. అంతకు మించితే బస్సెక్కండి, అందులో నామోషీ ఏం లేదు.

ముందు గేర్ల సంగతి. మామూలు నల్ల సైకిల్‌కి చైన్‌వీల్ 44 పళ్ళు, వెనక ఫ్రీవీల్ 18 పళ్ళు అనుకోండి (కొన్నిటికి ముందు 48 ఉంటాయి, మీ బండివి లెక్కపెట్టుకోండి). 28 అంగుళాల చక్రం ఒక చుట్టుకి 2.2 మీటర్లు పోతుంది. 44ని 18తో భాగించి 2.2తో గుణిస్తే, పెడల్ ఒక చుట్టు తిప్పితే బండి 5.4 మీటర్లు కదులుతుంది. నిమిషానికి 50 చుట్లు తొక్కితే గంటకి 16 కిలోమీటర్లు. చదును నేల మీద, గాలి లేని పొద్దున పూట, ఇంతకు మించి ఎవరికీ అక్కర్లేదు. 21 గేర్లలో 18 గేర్లు ఈ జిల్లాల్లో పుట్టి, ఈ జిల్లాల్లోనే వాడకుండా తుప్పు పట్టి పోతాయి.

వాడకపోతే పోయింది, ఉంటే నష్టమేమిటంటారా? వెనక గేరు మార్చే డీరైలర్ నేలకి జానెడు ఎత్తున వేలాడుతుంది. పుంత రోడ్ల మీద చిమ్మే బురదంతా దాని చిన్న పళ్ళచక్రాల్లోకే పోతుంది. కోతల రోజుల్లో రోడ్డు మీది గడ్డిపోచ ఒకటి అందులో చుట్టుకుంటే డీరైలర్ చువ్వల్లోకి తిరిగిపోతుంది. సైకిల్ స్టాండు జారి కుడివైపుకి పడినా దాన్ని పట్టే కొక్కెం వంగుతుంది, ఆ తరవాత గేర్లు టకటకమంటూ వాటంతట అవే మారతాయి. ఊళ్ళో ఉన్న మెకానిక్ దాన్ని శ్రావణంతో వంచి పంపుతాడు. ఆయన తప్పేం లేదు, ఆ కొక్కెం సరిచేసే పనిముట్టు ఆయన దగ్గర ఉండదు.

షాకబ్జర్ల గురించి రెండే ముక్కలు. ఆ ధరలో వచ్చేవి తొక్కినప్పుడల్లా కిందకీ పైకీ ఊగి మీ బలం కొంత తినేస్తాయి. ఉప్పుగాలికి లోపలి గొట్టాలు తుప్పు పడితే ఊగడం కూడా మానేస్తాయి.

ఇక్కడ కొండ లేదు, గాలి ఉంది. మన ఎత్తులన్నీ గాలి రూపంలోనే వస్తాయి. గాలి అడ్డు వేగానికి వర్గంగా పెరుగుతుంది. మీరు 15 కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఎదురుగా 15 కిలోమీటర్ల గాలి వీచిందంటే ఆ అడ్డు నాలుగింతలవుతుంది. అందుకని ఇల్లు ఎటు, ఆఫీసు ఎటు అన్నది దూరం కన్నా పెద్ద లెక్క. వేసవిలో పొద్దున్నే గాలి స్తబ్ధుగా ఉంటుంది. మధ్యాహ్నం దాటాక సముద్రం మీంచి పైరగాలి లేస్తుంది. పాలకొల్లులో ఇల్లుండి నరసాపురంలో ఉద్యోగమైతే రాజయోగం: పొద్దున ఎదురుగాలి ఉండదు, సాయంత్రం గాలే వీపు మీద చెయ్యేసి ఇంటికి తోస్తుంది. అదే నరసాపురంలో ఇల్లుండి పాలకొల్లులో పనైతే అలిసిపోయిన వేళ గాలికి ఎదురు తొక్కాలి. శీతాకాలంలో ఈశాన్యపు గాలి వచ్చి ఈ లెక్కని కొంత తిరగేస్తుంది.

ఎదురుగాలి పాలైనవాళ్ళకి మందు 21 గేర్లు కాదు, రెండు పళ్ళు. 18 పళ్ళ ఫ్రీవీల్ తీయించి 20 పళ్ళది వేయించండి. పెడల్ చుట్టుకి 5.4 మీటర్ల బదులు 4.8 మీటర్లు పోతారు, అదే తొక్కుడుకి గంటకి 14న్నర కిలోమీటర్లు. కాళ్ళ మీద పడే బరువు పదో వంతు తగ్గుతుంది. ఫ్రీవీల్ చక్రం మీది మరచుట్లకి బిగిసి ఉంటుంది, ఏళ్ళ తరబడి తొక్కిన బలానికి ఇంకా బిగుసుకుపోతుంది. దాని గాట్లలో కూర్చునే పనిముట్టుని వైసులో పట్టి చక్రాన్నే తిప్పాలి తప్ప సుత్తీ ఉలీ పెట్టి కొట్టనివ్వకండి. పళ్ళు రెండు పెరిగినందుకు వెనక ఇరుసు పావంగుళం ముందుకి జరుగుతుంది. ఇరుసు కూర్చునే చీలికలో ఆ పావంగుళం చోటుంటే గొలుసుకి లింకు కలపక్కర్లేదు. అయితే రాడ్ బ్రేకులున్న బండిలో ఇరుసు జరిగితే బ్రేకు రబ్బర్లు రిమ్ముకి సరిగ్గా ఆనవు. రబ్బరు అంచు టైరుకి రాసుకుంటుంటే వారంలో టైరు పక్క కోసుకుపోతుంది. చక్రం బిగించాక బ్రేకు కూడా సరిచేయమని చెప్పకపోతే చాలామంది చూడరు.

ఏం కొనాలని అడిగేవాళ్ళకి: 28 ఇంటూ ఒకటిన్నర టైర్ల నల్ల సైకిలే మొదటి ఎంపిక. 20 కిలోల పైన బరువుంటుందని జంకకండి. బరువు ఏడిపించేది ఎత్తు ఎక్కేటప్పుడూ బయల్దేరేటప్పుడూ మాత్రమే. మనకి ఎక్కాల్సినవి కాలువ వంతెనలు, నది వంతెనలు, అంతే. సిద్ధాంతం వంతెన మీద ఆయాసం వస్తే దిగి నడిపించండి, ఎవరూ ఫొటో తీయరు. కాస్త తేలిక కావాలంటే 700 ఇంటూ 35 టైర్ల హైబ్రిడ్ (రోడ్డు సైకిలుకీ కొండ సైకిలుకీ మధ్య రకం), అల్యూమినియం రిమ్ములతో, మడ్‌గార్డులు వేయించుకుని. మడ్‌గార్డుకీ టైరుకీ మధ్య ఒక వేలు ఖాళీ తప్పకుండా ఉండాలి, లేకపోతే వానాకాలం గట్టు మీది జిగురుమట్టి అందులో కూరుకుని చక్రం తిరగదు. ఆడవాళ్ళకైతే కొత్తది కొనే ముందు ఇంట్లో వెతకమంటాను. బడికొస్తా పథకంలో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి ఇచ్చిన సైకిళ్ళు ఎన్నో ఇళ్ళలో పశువుల పాక పక్కన పడున్నాయి. కొత్త టైర్లూ ట్యూబులూ, బ్రేకు రబ్బర్లు, ఒక ఓవరాయిలింగు, చీర అంచు చువ్వల్లో పడకుండా వెనక చక్రానికి వల. అంగన్‌వాడీ టీచరుకైనా ఆశా కార్యకర్తకైనా అంతకన్నా తక్కువలో బండి రాదు.

బ్యాటరీ సైకిలూ మంచిదే. మోటారు 250 వాట్ల లోపు, వేగం 25 కిలోమీటర్ల లోపు ఉంటే రిజిస్ట్రేషన్ గొడవ ఉండదు. దాని వైర్ల జాయింట్లలోకి ఉప్పుగాలి పోతే ఏమవుతుందన్నది మరో వ్యాసానికి సరిపడా సంగతి.

ఇక సీటు. మన వైపు సీటు ఎత్తు ఎలా పెడతారంటే, కూర్చుంటే రెండు పాదాలూ నేలకి పూర్తిగా ఆనాలి. ట్రాఫిక్కులో ఆగినప్పుడు బాగుంటుంది, తొక్కుతున్నంతసేపూ మోకాలు మడిచే ఉంటుంది. తొడ కండ చేయాల్సిన పని మోకాలి చిప్ప మీద పడుతుంది. సరైన కొలత ఇది: గోడ పట్టుకుని సీటు మీద కూర్చోండి. పెడల్ అడుక్కి దించి దాని మీద మడమ ఆనించండి. మోకాలు నిటారుగా రావాలి, నడుము పక్కకి వాలకూడదు. ఇప్పుడు మడమ తీసి పాదం ముందుభాగం పెడితే మోకాలు తగినంత వంగుతుంది. ఈ ఎత్తులో ఆగినప్పుడు కాలి వేళ్ళే నేలకి అందుతాయి. రెండ్రోజులు భయంగా ఉంటుంది, మూడో రోజుకి అలవాటవుతుంది. భయమైతే వారానికి అరంగుళం చొప్పున పెంచండి. సీటు గొట్టం మాత్రం కనీసం రెండున్నర అంగుళాలు ఫ్రేము లోపల ఉండాలి. ఏడాదికోసారి ఆ గొట్టాన్ని బయటికి లాగి గ్రీజు రాసి మళ్ళీ దించండి. అంతర్వేది, ఓడలరేవు వైపు రెండేళ్ళు కదపకుండా వదిలేసిన గొట్టం ఫ్రేముతో ఏకమైపోతుంది, తరవాత కోయడం తప్ప దారి లేదు.

గాలి విషయంలో మనవాళ్ళ ధోరణి వింత. "ఎండకి పేలుతుంది" అని సగం కొట్టిస్తారు. పేలేది ఎండ వల్ల చాలా అరుదు. టైరు అంచు రిమ్ములో సరిగ్గా కూర్చోక ట్యూబు బయటికి పొడుచుకొచ్చినా, రిమ్ము లోపలి రబ్బరు పట్టీ జరిగి చువ్వ తల ట్యూబుకి గుచ్చుకున్నా పేలుతుంది. గాలి తక్కువైతే వచ్చే నష్టాలు ఇంకా ఎక్కువ. టైరు నేల మీద పరుచుకుని తొక్కుడు బరువెక్కుతుంది, గుంటలో పడ్డప్పుడు రిమ్ము ట్యూబుని నొక్కేసి పాము కరిచినట్టు పక్కపక్కనే రెండు గాట్లు పడతాయి. టైరు పక్కన ఎంత గాలి పట్టాలో అచ్చేసి ఉంటుంది, ఆ గరిష్ఠానికి కొంచెం తక్కువగా, వెనక చక్రానికి ముందుదానికన్నా ఎక్కువగా కొట్టండి. నల్ల సైకిల్ టైర్లకి ముందు 40, వెనక 50 పౌండ్లు ఉజ్జాయింపుగా సరిపోతుంది. దాని వాల్వుకి మీటరు పెట్టి లోపలి గాలి కొలవడం కుదరదు, ఎందుకంటే లోపలి రబ్బరు గొట్టం గాలిని వెనక్కి రానివ్వదు. అందుకని మీరు సీటు మీద కూర్చుని ఎవరినైనా వెనక టైరు చూడమనండి. నేలకి ఆనే చోట పక్కలు కొద్దిగా ఉబ్బితే సరి, బాగా ఉబ్బితే తక్కువ, అసలు ఉబ్బకపోతే ఎక్కువ. లారీ టైర్లకి గాలి కొట్టే కంప్రెసర్ దగ్గరకి మాత్రం తీసుకెళ్ళకండి. సైకిల్ ట్యూబు దానికి ఒక గుక్క. ఇంట్లో కాలితో నొక్కిపట్టి కొట్టే నిలువు పంపు ఒకటి ఉంటే వారానికి రెండు నిమిషాల పని. పంచర్ కాకుండానే రాత్రికి రాత్రి గాలి దిగిపోతుంటే ముందు ఆ వాల్వు రబ్బరు మార్చండి, మడతల దగ్గర పగిలి ఉంటుంది.

గొలుసు దగ్గరికి వస్తే కోనసీమలో మరీ తగువు. కొబ్బరి నూనె పోస్తే చాలంటారు. ఇంట్లో ఉంటుంది, చవక, చేతికి అంటినా ఫర్వాలేదు. నిజమే, వేసవిలో పది రోజులు బాగానే ఉంటుంది. కానీ కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. జనవరి తెల్లవారుజామున సీసాలో నూనె తెల్లగా పేరుకుంటే, గొలుసులో కూడా అదే పేరుకుంటుంది. పైపెచ్చు వానకి తేలిగ్గా కొట్టుకుపోతుంది, మిగిలింది గాలికి మెల్లగా జిగురెక్కి దుమ్ము పట్టుకుంటుంది. ఆముదమైతే ఇంకా త్వరగా జిగురెక్కుతుంది. బైకు మెకానిక్ దగ్గర ఊరికే ఇచ్చే పాత ఇంజిన్ ఆయిల్ ఇంకా పాడు. అది నల్లబడింది ఊరికే కాదు, మసీ ఇనప రజనూ అందులో ఉన్నాయి. గొలుసుకి సానరాయి రుద్దినట్టే. కుట్టుమిషను నూనె మరీ పల్చన, ఒక్క వానకే పోతుంది.

కొత్త 20 డబ్ల్యూ 40 ఇంజిన్ ఆయిల్, బైకుకి పోసేదే, చిన్న సీసాలో పావు లీటరు తీసుకుంటే ఏడాది వస్తుంది. ముందు పాత గుడ్డ మీద కిరసనాయిలో డీజిలో కొద్దిగా ఒంపి, గొలుసుని గుడ్డలో పట్టి పెడల్ వెనక్కి తిప్పుతూ తుడవండి. గుడ్డ మీద నల్లటి గీతలు తగ్గేదాకా తిప్పాలి. గంట ఆరనివ్వండి. తరవాత జాయింట్ లింకు దగ్గర మొదలుపెట్టి ఒక్కో రోలరు మీద ఒక్కో చుక్క, మళ్ళీ ఆ లింకు వచ్చేదాకా. నూటికి పైగా లింకులుంటాయి, అయిదు నిమిషాలు పడుతుంది. ముప్పై చుట్లు వెనక్కి తిప్పండి, పొడి గుడ్డతో బయటంతా గట్టిగా తుడిచేయండి. ఈ చివరి తుడుపే అందరూ మానేసేది. నూనె పని చేయాల్సింది రోలరు లోపల. బయట మిగిలిందల్లా దుమ్ముకి జిగురు, ప్యాంటుకి మరక. వానాకాలం వారానికోసారి, మిగతా రోజుల్లో పదిహేను రోజులకోసారి చాలు. గొలుసు మొత్తం కప్పేసే రేకు కవరు ఉన్న బండికి ఇందులో సగం చాలు. ఆ కవరు పాతకాలపు వస్తువని తీసి పారేయించేవాళ్ళని చూస్తే జాలేస్తుంది.

గొలుసు ఎప్పుడు మార్చాలో స్కేలు చెబుతుంది. కొత్త గొలుసులో ఒక పిన్ను నుంచి 24 పిన్నుల అవతలికి సరిగ్గా 12 అంగుళాలు. అది పన్నెండు మీద ఎనిమిదో వంతు అంగుళం సాగిందంటే మార్చేయండి. ఇంకా వాడితే ఫ్రీవీల్ పళ్ళు కొక్కేల్లా వంగి, కొత్త గొలుసు వేసినా జారుతుంది. అప్పుడు రెండూ కొనాలి. బిగింపు కూడా చూసుకోండి: మధ్యలో పట్టి పైకీ కిందకీ ఆడిస్తే అరంగుళం ఆడాలి. వీణ తీగలా బిగిస్తే బేరింగులు అరుగుతాయి.

బ్రేకులు ఎండాకాలంలో అందరికీ పడతాయి. ఇనప రిమ్ముకి మెరుగు పెట్టిన నల్ల సైకిళ్ళకి వానలో అసలు రూపం బయటపడుతుంది. తడి ఇనుము మీద రబ్బరు జారుతుంది, ఆగే దూరం కొన్ని రెట్లు పెరుగుతుంది. దానికి కిటుకు: వానలో ఆగాల్సిన చోటికి బాగా ముందే బ్రేకు తేలిగ్గా ఆనించి రెండు మూడు చుట్లు రిమ్ముని తుడవనిచ్చి, అప్పుడు గట్టిగా పట్టండి. చేప లారీలు పోయే దారుల్లో, ఆకివీడు, భీమవరం వైపు, వాన లేకపోయినా రోడ్డు మీద తడి చారలుంటాయి. ఐసు కరిగి, చేప జిగురుతో కారిన నీళ్ళవి. మలుపులో ఆ చార మీద బ్రేకు వేస్తే పడ్డట్టే. ఉప్పు కూడా ఉంటుంది కాబట్టి ఇంటికొచ్చాక చక్రాల మీద రెండు చెంబుల మంచినీళ్ళు పోయండి. సర్వీసింగ్ సెంటర్ల గన్ను పెట్టి కొట్టించకండి, ఆ వేగానికి నీళ్ళు బేరింగుల్లోకి దూరతాయి.

మన రోడ్ల మీద ఇంకో ప్రమాదం ఉంది, ధాన్యం. సార్వా కోతలు నవంబరు, డిసెంబరుల్లో, దాళ్వా కోతలు ఏప్రిల్లో. సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు. గింజల మీద చక్రం గోళీల మీద నడిచినట్టు జారుతుంది. వేరే దారి లేక వాటి మీదుగా వెళ్ళాల్సి వస్తే తొక్కడం ఆపి, హ్యాండిల్ తిప్పకుండా, బ్రేకు ముట్టకుండా నేరుగా పోనివ్వండి. వీలుంటే దిగి నడవండి, అది ఒకరి ఏడాది కష్టం. అసలు భయపడాల్సింది రాత్రుళ్ళు. కుప్ప చుట్టూ బళ్ళు ఎక్కకుండా రాళ్ళు, తాటి దుంగలు పెడతారు. ధాన్యం ఎత్తేశాక కూడా అవి అక్కడే ఉంటాయి. 6 వోల్టుల 3 వాట్ల డైనమో లైటు నెమ్మదిగా పోతే మినుకుమంటుంది, ఆగితే ఆరిపోతుంది, వానకి టైరు మీద జారుతుంది. ముందు చార్జింగు ఎల్ఈడీ లైటు, వెనక సీటు ఎత్తున ఎర్ర లైటు పెట్టుకోండి. లైటు ఎదురొచ్చేవాళ్ళ కళ్ళలో కాకుండా ముందున్న రోడ్డు మీద పడేలా వంచండి, రాళ్ళు కనబడేది అప్పుడే.

ఇంకోటి, సిమెంటు రోడ్ల అంచు. రోడ్డు పోసినవాళ్ళు పక్కన మట్టి పోయడం మర్చిపోతారు, అంచు దగ్గర అరడుగు దిగుడు మిగులుతుంది. బస్సు హారన్ కొట్టిందని కంగారుగా కిందకి దిగి, మళ్ళీ ఏటవాలుగా ఎక్కబోతే ముందు చక్రం ఆ అంచుని ఒరుసుకుని మనిషిని రోడ్డు మీదకే పడేస్తుంది, బస్సు ముందుకి. ఎక్కితే చక్రాన్ని అంచుకి ఎదురుగా తిప్పి నేరుగా ఎక్కాలి, లేదా ఆగి ఎత్తి పెట్టుకోవాలి. అసలు అంచు పట్టుకుని నడపకుండా మూడడుగులు లోపలికి ఉండండి. హారన్లు వినిపిస్తాయి. మిమ్మల్ని చూశారు కాబట్టే కొడుతున్నారు.

పంచర్లకి పెద్ద కారణం సర్కారు తుమ్మ ముల్లు. సముద్రం వైపు గట్లన్నీ అదే. నల్ల సైకిల్ వెనక చక్రం ఊడదీయక్కర్లేదు, టైరు ఒక పక్క తప్పించి ట్యూబు బయటికి లాగితే చాలు. నీళ్ళలో ముంచి బుడగ చూడండి, ఆ చోట చుట్టూ సన్న గరుకు కాగితంతో రుద్దండి, సొల్యూషన్ పల్చగా, అతుకు కన్నా వెడల్పుగా రాయండి. ఇక్కడే తొందరపడతారు. మెరుపు పోయి మసకబారేదాకా ఆగాలి, ఎండ రోజున మూడు నాలుగు నిమిషాలు, ముసురు రోజున ఏడెనిమిది. తడిగా ఉండగా అతికిస్తే సాయంత్రానికి లేస్తుంది. అతికించాక టైరు లోపలంతా పాత గుడ్డతో ఒక చుట్టు తుడవండి. ముల్లు కొస ఎక్కడుందో గుడ్డ పోగు తగులుకుని చెబుతుంది. వేలితో వెతికితే వేలు చెబుతుంది. ఒక ముల్లుకి రెండు పంచర్లు వేయించుకున్నవాళ్ళంతా ఈ తుడుపు మానేసినవాళ్ళే.

చెమట సంగతి దాచిపెట్టి లాభం లేదు. మన గాల్లో తేమ ఎక్కువ, చెమట ఆరదు. తొక్కుతున్నంతసేపు గాలి తగిలి బాగానే ఉంటుంది, దిగగానే ధారలు కడుతుంది. కాబట్టి రాగానే చొక్కా మార్చకూడదు. పది నిమిషాలు నీడన కూర్చుని, తువ్వాలుతో తుడుచుకుని, అప్పుడు మార్చాలి. చివరి కిలోమీటరు 10 వేగానికి దింపండి. సంచి వీపున వేసుకోకుండా క్యారేజీకి కట్టండి, వీపు ఆరుతుంది. ఆఫీసులో బైకులకి రేకుల షెడ్డు వేసి, సైకిల్‌ని మాత్రం ప్రహరీ గోడ పక్కన ఎండలో పెట్టమనే పద్ధతి మారాలి. ఒకప్పుడు అల్లుడికి కట్నంలో పెట్టిన వస్తువుకి నాలుగడుగుల నీడ ఇవ్వలేమా? జనం సైకిల్ మానేసింది దూరానికి కాదు, ఈ చిన్నచూపుకే ఎక్కువ. పైన చెప్పిన సీటు, గాలి, గొలుసుల సర్దుబాటు ఏదీ దీనికి మందు కాదని ఒప్పుకోవాలి.

రేవు దాటేవాళ్ళకి సైకిల్ మరింత నయం. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య పంటు (మనుషుల్నీ బళ్ళనీ రేవు దాటించే బల్లకట్టు) మీద సైకిల్ దాటితే చించినాడ వంతెన చుట్టు తప్పుతుంది. కోటిపల్లి, ముక్తేశ్వరం రేవులోనూ అంతే. కానీ ఆఖరి పంటు టైము చూసుకోకుండా సాయంత్రం పని పెట్టుకోకండి, వరద రోజుల్లో రేవులు కట్టేస్తారు. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13కి రెండోది, 17కి మూడోది. మొదటిది ఎగరేశారంటేనే లంకల కాజ్‌వేలు మునుగుతాయని లెక్క వేసుకోవాలి. కనకాయలంక కాజ్‌వే లాంటి చోట్ల మోకాటి లోతు నీళ్ళే కదా అని సైకిల్ దింపితే ప్రవాహం చక్రాన్ని పక్కకి తోసేస్తుంది. సైకిల్ ఇవతల గట్టున తాళం వేసి పడవెక్కండి.

నిలవ నీటిలో నడిపించుకు రావాల్సొచ్చి, నీళ్ళు ఇరుసు దాటాయంటే మర్నాటికి వాయిదా వేయొద్దు. ముందు సీటు ఊడదీసి, బండిని తలకిందులు చేసి పెడల్ గూట్లోని (పెడళ్ళ ఇరుసు తిరిగే చోటులోని) నీళ్ళు సీటు గొట్టం గుండా కారనివ్వండి. ఆ గూటికి అడుగున 4 మిల్లీమీటర్ల బెజ్జం ఒకటి ముందే వేయించుకుని ఉంటే ఈ శ్రమ ఉండదు. ఆ వారంలోనే మూడు చోట్లా, ముందు చక్రం, వెనక చక్రం, పెడల్ గూడు, విప్పించి ఓవరాయిలింగు చేయించండి. మామూలుగా ముందు చక్రానికి పక్కకి 10 చొప్పున 3/16 అంగుళం బేరింగు గోళీలు, వెనక పక్కకి 9 చొప్పున పావంగుళం గోళీలు పడతాయి. పాతవాటిలో ఒక్కటి మచ్చపడినా అన్నీ మార్చమనండి, కొత్తా పాతా కలిపితే బరువంతా కొత్తవాటి మీదే పడుతుంది. గోళీలు చవక, అవి ఆనుకుని తిరిగే కోన్లు అంత చవక కాదు. క్రాంకుని (పెడల్ బిగించే ఇనప చేతిని) ఇరుసుకి పట్టి ఉంచే కాటర్ పిన్నులు బిగించేటప్పుడు దగ్గరే నిలబడండి. క్రాంకు కింద ఇనప గొట్టం ఆనించి, పిన్నుని ముందు సుత్తితో కూర్చోబెట్టి, ఆ తరవాత నట్టు బిగించాలి. నట్టుతోనే లాగితే మర సాగిపోతుంది, నాలుగో రోజు నుంచి తొక్కినప్పుడల్లా కుడికాలి కింద టక్కుమని చప్పుడు మొదలవుతుంది.